నాకు బొట్టేదీ?

రమణబాబు గారికి కంప్యూటరంటే అద్దాల బీరువా. కనబడిందంతా లోపలే ఉందనుకుంటాడు. మేనేజరు కదా, అనుకోనివ్వండి.

నర్సీపట్నం అవతల ఆ చెరకు ఫ్యాక్టరీలో ఏ రైతు ఎప్పుడు చెరకు నాటాడో ఆ తేదీలన్నీ వెనక గదిలోని పాత మినీ కంప్యూటర్లో ఉన్నాయి. ముందు నాటినోడికి ముందు కటింగ్ ఆర్డరు, అంటే చెరకు నరికి తెమ్మనే చీటీ. మొహం చూసి ముందుకి నెట్టే బుద్ధి దానికి లేదు. ముప్ఫై ఏళ్లుగా దాన్ని సాకుతున్నది అప్పలలక్ష్మి.

మొన్న ఆఫీసులోకి కొత్త పీసీ వచ్చింది. ఇంజినీరు బెన్హర్ అందులో పాతదాని తెరని చూపించే టెర్మినల్ ఎమ్యులేటర్ వేసి, పాతదానికి తీగ కలిపి వెళ్లాడు. పాట పాడేది వెనక గదిలోదే. ఇది పెదాలాడిస్తాది, అంతే.

పీసీలో అవే పచ్చ అక్షరాలు కనబడగానే రమణబాబు గారు ఎగిరి గంతేశాడు.

"అంతా ఇందులోకొచ్చేసింది! ఆ ఇనప డొక్కుని పాత సామాన్లోడికిచ్చేద్దాం."

"బాబుగారూ, అందులో ఉన్నదే ఇందులో కనబడతాదండి. అది పోతే అన్నీ పోతాయండి."

"మీకు రిటైర్మెంట్ దగ్గరపడింది. నాకు పాఠాలు సెప్పకండి."

అప్పలలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. గేటు దగ్గర పాత సామాన్ల ఆటో అప్పుడే హారన్ కొడుతోంది. అదెళ్లిపోతే రోలుగుంట నుంచి గొలుగొండ దాకా రైతుల వరసంతా గాల్లో కలిసిపోతాది. ఏడవడానికి టైమెక్కడుంది?

కొత్త పీసీ పూజకని పది గంటలకి ఫ్యాక్టరీ చైర్మన్ తాతాజీ గారు వచ్చారు; ఆటోని అందాకా ఆగమన్నారు. గొలుగొండలో చెరకు పండించే పెద్దాయన. పీసీకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, కొబ్బరికాయ, అన్నీ జరిగాయి. వెనక గది వైపు ఎవడైనా చూస్తే ఒట్టు.

"ఏదీ, నా పేరు సూపించు," అన్నారు తాతాజీ గారు.

సరిగ్గా అప్పుడే అప్పలలక్ష్మి వెనక గదిలోకి జారుకుంది. అక్కడి కీబోర్డు మీంచి తీగ కలిసిన ఏ తెరకైనా కబురు పంపొచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది.

పీసీ మీద పచ్చగా వెలిగింది: "నాకు బొట్టేదీ?"

"వైరస్సండీ!" రమణబాబు గారు చేతికి తగులుకున్న దండతో సహా వెనక్కి గెంతాడు.

తాతాజీ గారు మాత్రం తెర దగ్గరికి వంగారు. "ఎవరమ్మా నువ్వు?"

తలుపు సందులోంచి విన్న అప్పలలక్ష్మి బేగి కొట్టింది: "వెనక గదిలో ఉన్నాను. గేటు దగ్గర ఆటో ఉంది. బయమేస్తోంది."

"ఏటయ్యా రమణబాబూ! పండగ నాడు కొత్త ఎద్దుకి బొట్టెట్టి, ముసలెద్దుని కబేళాకి తోల్తావా?"

కుంకుమ భరిణె పట్టుకుని ఆయనే వెనక గదిలోకి వచ్చేశారు. అప్పలలక్ష్మి వేళ్లింకా కీబోర్డు మీదే ఉన్నాయి. ఆయన ఆ వేళ్ల వంక చూశారు, ఆవిడ వంక చూశారు. నింపాదిగా మినీ కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, వెనక్కి తిరిగి కేకేశారు.

"ఆటోని పంపించెయ్! ఇది ఇక్కడే ఉంటాది!"

తర్వాత గొంతు తగ్గించారు.

"తల్లీ, దానికో మాట సెప్పు. నా కటింగ్ ఆర్డరు కాస్త ముందు ఇమ్మను."

అప్పలలక్ష్మి టకటకా కొట్టింది.

ముందు గదిలోంచి రమణబాబు గారు దూరం నుంచే చదివి వినిపించాడు:

"అయ్యా, వరసలో రండి... అంటోందండీ."