రెండోసారి ముంచలేదు

నేను ఒక లాక్టోమీటరును. పాలలో నీళ్లు కలిశాయో లేదో చెప్పడానికి పుట్టిన గాజు గొట్టాన్ని. ఫిబ్రవరి పన్నెండో తేదీ, ఆదివారం ఉదయం, మదనపల్లెలోని ఒక వంటింట్లో నన్ను బీరులో ముంచారు. అప్పుడు అక్కడున్నవారు ముగ్గురు: పాలకేంద్రంలో పరీక్షకుడిగా పనిచేసి రిటైరైన మునిరత్నం నాయుడు, ఆయన భార్య చెంగమ్మ, బీరు కాచిన అల్లుడు హేమాద్రి. నా దిగ్భ్రాంతిని ఎవరూ గమనించలేదు.

అంబాలాలోని ఒక గాజు కొలిమిలో నా అడుగున సీసపు గుండ్లు పోసి, మెడలో గీతల కాగితం చుట్టి, మూతి కరిగించి మూశారు. పైన నీటి గీత, కింద పాల గీత. నేనెరిగిన లోకమంతా ఆ రెంటి మధ్యనే ఉండేది. నాయుడు నన్ను రెండు వేళ్లతో తిప్పి పాలలో వదిలేవాడు, ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేవాడు. అమ్మేవాళ్లు తిట్టినా, ఏడ్చినా, రెండోసారి ముంచి ఎరగడు. పాలకు అది చాలు.

బీరుకు చాలదు. దానిలో తీపి తరిగేకొద్దీ నేను లోతుకు దిగుతాను. ఇక దిగనప్పుడే పులియడం ముగిసినట్లు. దిగడం ఆగిందని ఒక్కసారి ముంచితే ఎలా తెలుస్తుంది?

ఆ ఉదయం నేను రెండు గీతల నడుమ నిలిచాను. నాయుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"సగానికి సగం నీళ్లే. అయిపోయింది అల్లుడా, సీసాలు తే."

"బుడగలు ఆగింది చలికేమో మామా. రెండు దినాలు తాళి ఇంకోతూరి చూడాలంట. తీపి మిగిలుంటే సీసాలు పగులుతాయంట."

"ముప్పై ఏండ్లు చూసినోణ్ణి. నాకు రెండోతూరి దేనికి?"

"సరే మామా."

ఆ రెండు మాటలు విని నిర్ఘాంతపోయాను. అతనికి తెలుసు! తెలిసీ, పెద్దవారికి ఎదురాడకూడదన్న మర్యాదతో మూతలు బిగించాడు.

"యాడన్నా పెట్టుకోండి గానీ నా వంటగట్టు కింద వద్దు" అంది చెంగమ్మ.

"చల్లగుండేది ఆడే" అన్నాడు నాయుడు.

ఆమె రోజూ కత్తిపీట వేసుకునేదీ అక్కడే. కిటికీ గూట్లో పడి ఉన్న నాకు ఆమె తలా, దాని వెనుక బారుగా సీసాలూ కనిపించేవి. నాకు నోరు లేదు.

శివరాత్రి దాటాక ఎండ ముదిరింది; చలికి ఆగిన పులియడం సీసాల్లో మళ్లీ మొదలైంది. ఆమె సొరకాయ తరుగుతుండగా మొదటి సీసా పేలింది. ఆ దెబ్బకు పక్కవీ పేలాయి. గోడల మీద నురగ. చెంగమ్మ కనుబొమ్మలో గాజుపెంకు. మామా అల్లుళ్లు గుమ్మం దాకా పరుగెత్తి వచ్చి ఆగిపోయారు. కన్ను ఉందో పోయిందో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

కన్ను దక్కింది. కుట్లు వేయించుకుని వచ్చిన చెంగమ్మ చాప మీద కూర్చుని, "కాగితం తే హేమాద్రీ" అంది. "ఆ గాజుగొట్టం రెండుతూర్లు ఒకే గీత కాడ నిలిస్తేనే మూత బిగిస్తానని మీ మామ పేరున రాయి."

"ఒకతూరి తప్పు పడితే సంతకాలా?" అన్నాడు నాయుడు.

"పెంకు గోరంత కిందికి దిగుంటే గుడ్డిదాన్నయ్యుందును. పెట్టు."

వందలమంది పాలను ఒక్క చూపుతో తిరగ్గొట్టిన ఆ చెయ్యి సంతకం పెట్టింది. హేమాద్రి ఊపిరి పీల్చుకుని లేవబోయాడు.

"నువ్వు యాడికి? తెలిసీ నోరు మూసుకున్నోడివి. మామ తప్పు చేస్తే తప్పని మొగం మీదే చెప్తానని రాయి."

"మామ ముందర ఎట్ల చెప్పేది అత్తా?"

ఆమె కట్టు కట్టిన ముఖం అతని వైపు తిప్పింది. "ఇట్ల నన్ను చూసి, ఎట్ల చెప్పకుంటివో చెప్పు."

హేమాద్రి తల వంచుకుని సంతకం చేశాడు. చెంగమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బీరువాలో చీరల అడుగున ఉంచి, తాళం వేసింది.