ఎడమ అంచున ఉన్న మనిషి

కాగితాల కట్టను కత్తి కిందికి తోసి, కనకయ్య నాలుగు పక్కలా అరచేత్తో తట్టాడు. చక్రం తిప్పి కొలత సరిచూసుకుని లివరు లాగాడు. కత్తి దిగింది. పక్కకు రాలిన సన్నటి కాగితం పేలికలు ఫ్యాను గాలికి లేచి అతని జుట్టులో, కనుబొమల్లో చిక్కుకున్నాయి. ఇవాళ కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు, జావావి ఎనిమిది వేలు, ఒరాకిల్‌వి అయిదు వేలు. సాయంత్రానికల్లా మైత్రీవనం ముందు పంచిపెట్టేవాళ్లు వచ్చి కూర్చుంటారు. అమీర్‌పేటకు వచ్చిన కుర్రకారంతా కనకయ్య కోసిన కాగితమే చేతపట్టుకుని తిరుగుతున్నారు. అతను మాత్రం వాటి మీద ఏముందో ఎన్నడూ చదవలేదు. అంచులు చూస్తాడు, అంతే.

ఇరవై ఏడేళ్లుగా అదే ప్రెస్సు, అదే మిషను. బక్కపలచటి మనిషి. లివరు లాగీ లాగీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. చేతివేళ్లు పదీ ఉన్నాయి. కత్తి మిషను మీద బతికినవాడికి అంతకన్నా చెప్పుకోదగ్గ గొప్ప ఏముంది! వెంట్రుకవాసి తేడా వస్తే ఆ రాత్రి నిద్రపోడు. అలాంటివాడు ఇవాళ ఒక కట్టను రెండుసార్లు తప్పుగా పెట్టి, నాలుక కరుచుకుని తీశాడు. మధ్యాహ్నం మహిపాల్ వస్తాడు. ఎట్లాగైనా ఇవాళ అడిగెయ్యాలి.

మహిపాల్ పై అంతస్తులో జావా పాఠాలు చెప్పే మాస్టారు. ముప్పయ్యేళ్లు దాటినా కార్డుల పిచ్చి వదల్లేదు. చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చేవే, సినిమావాళ్ల బొమ్మలు, క్రికెట్‌వాళ్ల బొమ్మలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఏరుకొచ్చి, మంచివి అమెరికా పంపుతాడు. అక్కడొక కంపెనీవాళ్లు భూతద్దం కింద మూలలు, అంచులు, రంగు చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి వెనక్కి పంపుతారు. డబ్బా నెత్తిన చీటీ మీద కార్డులో ఉన్న మనిషి పేరు అచ్చులో ఉంటుంది. ఉగాదికి మహిపాల్ అలాంటిదొకటి చూపించాడు. అప్పటినుంచీ ఆ చీటీ కనకయ్య కళ్లలోనే ఆడుతోంది. దాని మీద వజ్రమ్మ పేరు పడాలి.

వజ్రమ్మ అతని భార్య. పదిహేనేళ్ల కింద కృష్ణానగర్‌లో వాళ్ల గల్లీ జనాన్ని లారీలో షూటింగుకు తీసుకుపోతుంటే, తనూ ఎక్కేసింది. నాలుగు రోజులు గంప నెత్తిన పెట్టుకుని హీరో వెనక నడిచింది. సినిమా రాగానే ఆడవాళ్లందరినీ వెంటేసుకుని మొదటి ఆటకు పోయింది. ఆ సీను లేదు. ఎవరో కత్తిరించేశారు. "ఏదమ్మా నీ గంప?" అని గల్లీ గల్లీ అంతా ఇన్నేళ్లూ అడుగుతూనే ఉంది. ఆమె నవ్వి ఊరుకునేది. కనకయ్యకు మాత్రం కడుపు మండేది.

ఆ సినిమా బొమ్మలు కార్డులుగా అచ్చు కావడానికి వీళ్ల ప్రెస్సుకే వచ్చాయి. ఒక బొమ్మలో హీరో వెనక, ఎడమ అంచున, గంప ఎత్తుకున్న వజ్రమ్మ! కొయ్యాల్సిన గీత సరిగ్గా ఆమె ముఖం మీదుగా పోతోంది. ఆ రోజు కనకయ్య చేతిలో ఒక కట్ట వంకరగా తెగింది. యజమాని నానా తిట్లు తిట్టి కట్టను చిత్తుకాగితాల్లో పారేయించాడు. అందులోంచి ఏరి తీసిన కార్డు ఇప్పటికీ మిషను సొరుగులో, రెండు అట్టల మధ్య పదిలంగా ఉంది. వజ్రమ్మ నిండుగా ఉంది. హీరోకు ఒక చెవి లేదు. గల్లీలో చూపిస్తే, గోరంత ముఖం, అది నువ్వేనని ఎవరన్నారు అని నవ్వారు.

ఇప్పుడామెకు గుండె జబ్బు. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పొద్దున బయల్దేరుతూ, ఇవాళ మహిపాల్‌ని అడుగుతానని చెప్పాడు.

"అమెరికోళ్లకు నేనెవరో ఏమెరుకయ్యా," అంది. అతను చెప్పులు వేసుకున్నాక మళ్లీ తనే, "అడిగైతే చూడు," అంది.

మహిపాల్ వచ్చాడు. పది కార్డులు, ఒక్కోదానికి ఒక్కో పలచటి కవరు. కనకయ్య సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని కూర్చున్నాడు.

"కనకన్నా, జర అంచులు చూడవే. ఇయ్యాల పంపాలె."

ఒక్కొక్కటే ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూశాడు. అయిదోదాన్ని రెండుసార్లు తిప్పాడు.

"గిది వద్దు తమ్మీ."

"అన్నిట్ల మంచిదే అది కదన్నా! మూలలు ఎంత సాఫ్‌గున్నయ్!"

"అందుకే అంటున్న. మూడు దిక్కుల మిషన్ కోత. గీ నాలుగోది ఎవలో ఇంట్ల స్కేలు పెట్టి బ్లేడుతోని కోసిన్రు. వేలు పెట్టి చూడు. మిషన్ కత్తి దిగితే అంచు జర కిందికి ఒంగుతది."

మహిపాల్ వేలు పెట్టి చూశాడు. మొహం మాడిపోయింది. తరవాత కోసిన కార్డుకు ఆ కంపెనీవాళ్లు మార్కులే వెయ్యరు, తిప్పి కొడతారు. "బచాయించినవ్ అన్నా," అన్నాడు. "పది కార్డులకు జాగ తీసుకున్న. ఒకటి ఖాళీ పాయె."

 కనకయ్య సొరుగు లాగి, అట్టలు విప్పి, కార్డు అతని ముందు పెట్టాడు.

"అబ్బ, మస్తు కొత్తగున్నది! కాని బొమ్మ మొత్తం కుడికి జరిగింది కదన్నా. నీ కోతేనా? నీ చెయ్యి సుత వంకర పోతదా?"

"పోలే," అన్నాడు కనకయ్య. "పోనిచ్చిన."

యజమాని అన్ని తిట్లు తిట్టిననాడు కూడా అనని మాట అది. వజ్రమ్మకు చెప్పే అవసరమే రాలేదు, కార్డు చూడగానే ఆమెకు అర్థమైంది. అంచున గంప ఎత్తుకున్నామె ఎవరో చెప్పి, ఆ ఖాళీ జాగలో ఈ కార్డు పంపమని మహిపాల్‌ను అడిగాడు.

పక్కనే ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో మహిపాల్ ఫారం నింపడానికి కూర్చున్నాడు. పదో కార్డు దగ్గర, మనిషి పేరు అని అడిగిన చోట హీరో పేరు కొట్టబోయాడు.

"ఆయన కాదు. వజ్రమ్మ అని కొట్టు."

"వాళ్ల లిస్టుల వదిన పేరు ఉండదన్నా. మనం రాసిందే ఏస్తరో, హీరో పేరు ఏస్తరో చెప్పలేం. మార్కులు సుత పదికి ఒకటి వస్తే ఎక్కువ."

"మార్కులు నాకెందుకు? నువ్వైతే కొట్టు."

మహిపాల్ అతని మొహంలోకి చూసి, కొట్టాడు. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు. కనకయ్య వేలితో లెక్కపెట్టుకున్నాడు. ఫారం రెండు ప్రతులు తీయించి, ఒకటి తన జేబులో పెట్టుకున్నాడు. కార్డుకు కూడా జిరాక్స్ తీయిద్దామా అంటే, ఆ లైటు పడితే రంగుకు మంచిది కాదని మహిపాల్ ఒప్పుకోలేదు.

పార్సిలు ఒళ్లో పెట్టుకుని, మహిపాల్ బండి వెనక కూర్చుని పంజగుట్ట బయల్దేరాడు. మూడు గంటల ఎండ. హోర్డింగుల మీద పెద్ద పెద్ద నవ్వు మొహాలు వెనక్కి జారిపోతున్నాయి. జుట్టులోని కాగితం పేలికలు ఒక్కటొక్కటే లేచిపోతున్నాయి. సిగ్నల్ దగ్గర బండి ఆగితే, అడ్డంగా గంపలెత్తుకుని కూలీ ఆడవాళ్లు దాటుతున్నారు. నాలుగోది వజ్రమ్మ. ఆకుపచ్చ కోక, పాతికేళ్ల వయసు నడక. ఇటు తిరిగి నవ్వింది కూడా. ఆ కత్తిరించిన సీను ఎక్కడా ఆగకుండా ఇన్నాళ్లూ నడుస్తూనే ఉన్నట్టు, తాను ఇవాళే దాని పక్కనుంచి పోతున్నట్టు అనిపించింది కనకయ్యకు. పచ్చ సిగ్నల్ పడింది. కళ్లు తుడుచుకుని చూస్తే అక్కడ బస్సు ఉంది.

కొరియర్ ఆఫీసులో అమ్మాయి పార్సిలు తూచి, చీటీ అంటించి, వెనక ఉన్న గోనెసంచిలో వేసింది. రాత్రి ఎనిమిదింటికి వ్యాను వస్తుందట. తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుందన్నాడు మహిపాల్. మూడు నెలలా! కనకయ్య బస్సులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరాడు.

పక్కింటి రుఖియా మంచం దగ్గరే కూర్చుని విసురుతోంది. "ఆయాసం జర ఎక్కువే ఉన్నది భాయ్. గంజి సుత తాగలే," అని అతనికి విసనకర్ర ఇచ్చి, పొయ్యి మీద కూర చూసుకోవడానికి పోయింది.

వజ్రమ్మ కళ్లు తెరిచింది. "అడిగినవా?"

"పంపే వచ్చిన." జేబులోంచి ఫారం తీసి విప్పాడు. "గిదో, గీ కింద వరస. నీ పేరు."

చెమట పట్టిన చూపుడువేలు ఆ వరస మీద ఆనించి, అక్షరం అక్షరం జరిపింది. "నా పేరు ఇంత పొడుగుంటదా?"

"ఎనిమిది అక్షరాలు."

"హీరోది ఏది?"

"లేదు."

"అయ్యో పాపం," అని నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. కాస్త తెరిపి పడ్డాక, "జర చాయ్ పెట్టు," అంది. పొద్దుటినుంచీ ఆమె నోట్లోకి ఏదన్నా కావాలని అడగడం అదే మొదలు. కనకయ్యకు ప్రాణం లేచివచ్చింది. అల్లం దంచి, పాలు ఎక్కువ పోసి, రెండు గ్లాసుల్లో తెచ్చాడు. ఫారం గుండెల మీద పెట్టుకుని ఆమె అట్లాగే ఉంది. "వజ్రా," అని పిలిచాడు. గ్లాసులు కింద పెట్టి, భుజం పట్టి మళ్లీ పిలిచాడు.

అతని కేకకు రుఖియా పరుగెత్తుకొచ్చింది. వెనకాలే గల్లీ ఆడవాళ్లు. ఒళ్లు సర్ది, తల దగ్గర దీపం పెట్టారు. ఫోటో ఏదన్నారెవరో. అప్పటిదాకా గుడ్లప్పగించి కూర్చున్న కనకయ్య బావురుమన్నాడు. "ఇయ్యాలనే పంపిస్తినమ్మా! పదిహేనేండ్లు సొరుగుల ఉన్నదాన్ని ఇయ్యాలనే పంపిస్తి! రాత్రి ఎనిమిదింటికి పంజగుట్ట కొరియర్ల వ్యాను ఎక్కిపోతది!"

"ఎనిమిదింటి దాక ఆడనే ఉంటది కద భాయ్," అంది రుఖియా. "ఇంక ఆరే అయితున్నది. నేను మా ఆయన్ను పంపుతా, తెస్తడు."

కనకయ్య ఏడుపు ఆపుకున్నాడు. వజ్రమ్మ మొహంలోకి చూశాడు. "వద్దు. పోనియ్యి. ఆమె పేరు పడాలె."

"మరి రేషన్ కార్డుల ఫోటో..."

"దాంట్ల మంచిగ లేదు."

వజ్రమ్మ వేళ్ల కిందినుంచి ఫారం మెల్లగా తీసి, దీపం వెనక బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. ముందు వరసలో నిలుచున్న ఆడమనిషి వంగి చూసి, ఏందిదని అడిగింది.

"మా వజ్రమ్మ సినిమాది," అన్నాడు.

 దీపం వెలుగులో కాగితం నిటారుగా నిలబడింది. కింద వరసలో, ఆమె వేలి చెమట తాకిన చోట, ఎనిమిది అక్షరాలు కాస్త ఉబ్బి ఉన్నాయి.