పాత సిస్టమ్‌లో అత్తయ్య

మా అత్తయ్యతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. భోజనం కాగానే, కంచం కూడా తీయకుండా కంప్యూటర్లోకి వెళ్ళిపోతారు. అదీ చెప్పులేసుకుని. తిరిగొచ్చాక హాలంతా గడ్డిపరకలు. ఊడ్చేది నేను.

తెర మీద పచ్చటి కొండ బొమ్మ ఉంది. కంప్యూటర్ కొన్ననాడు దాంతోపాటు వచ్చిందే, మేము మార్చలేదు. అత్తయ్య కుర్చీలో కూర్చుని తెరలోకి ఒక కాలు చాపుతారు. రెండో కాలు దాని వెంటే పోతుంది. మా హాల్లో గోడ పట్టుకుంటే గాని అడుగు పడని మనిషి, ఆ కొండ మీద పరుగెడతారు. మోకాళ్ళ సంగతేమిటని అడిగితే, "అక్కడివి ఇంకా అరగలేదమ్మా" అంటారు.

వడియాలూ అక్కడే పెడతాం. అపార్ట్‌మెంట్ వాళ్ళు మేడ మీదికి తాళం వేసేశారు మరి. కొండ మీద ఎప్పుడూ మంచి ఎండ. బూడిదగుమ్మడి వడియాలు సాయంత్రానికల్లా గలగలమంటాయి.

మా ఆయన ఫణీంద్ర మాత్రం సిస్టమ్ మార్చాల్సిందే అంటున్నారు.

"ఈ ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయింది శశీ. దీనికిప్పుడు కాపలా లేదు, ఎవడు పడితే వాడు దూరొచ్చు. అమ్మేమో అక్కడ ఒక్కతే తిరుగుతోంది."

"ఆ మాట అత్తయ్యతోనే చెప్పండి."

"నువ్వు చెప్పు."

మా ఇంట్లో పద్ధతి అది. ఆయన వాళ్ళమ్మతో అనాల్సిందేదైనా నా ద్వారా వెళ్తుంది. ఆవిడ జవాబూ నా ద్వారానే వస్తుంది. దారిలో నేను ఉప్పూ కారం సరిచేస్తుంటాను.

అప్‌గ్రేడ్ గారు మా సోఫాలో కూర్చుని ఉన్నారు. మర్యాదస్తుడు. కాఫీ ఇస్తే తాగి, గ్లాసు ఆయనే సింకులో పెడతారు. "ఇప్పుడా అమ్మా, తర్వాతా?" అని అడుగుతారు. "తర్వాత" అంటాను. అన్నప్పుడల్లా ఆయన కాళ్ళు జానెడు పెరుగుతాయి. ఇవాళ పాదాలు వంటింట్లోకి వచ్చేశాయి. చారుగిన్నె పట్టుకుని వాటిని దాటుతున్నాను.

నన్నే ఎందుకు అడుగుతారంటే, ఈ ఇంటికి అడ్మినిస్ట్రేటర్ని నేను. ఆ సంగతి కంప్యూటర్‌కి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మీ దగ్గర కొండ ఉంటుందా?" అంటాను.

"ఇంతకన్నా పెద్దది ఉంటుందమ్మా."

"ఎండ?"

"ఉంటుంది. కావాలంటే చీకటీ పెట్టుకోవచ్చు. ఈమధ్య అందరూ అదే అడుగుతున్నారు."

"చీకట్లో వడియాలు ఎండుతాయా?"

"ఎండినట్టు కనబడతాయి."

"మరి అత్తయ్య మోకాళ్ళు?"

ఆయన తెరలోకి చెయ్యి చాపి, దర్జీలా టేపు పెట్టి కొలుస్తారు. "పాతవమ్మా. కొత్తదాంట్లో నడవవు. ఇంట్లో ఉన్నవాటితోనే సర్దుకోవాలి."

మా ఆయన మొహం చిన్నబోతుంది. అయినా, "నొప్పికి మందు రాయొచ్చు, దొంగలు పడితే ఏం రాస్తాం?" అంటారు. ప్రేమే, కాదనను.

"అయితే ఈ ఒక్కటీ మీరే వెళ్ళి చెప్పండి. ఆవిడ సరేనంటే నేను 'ఇప్పుడే' అనేస్తాను."

ఆయన ప్యాంటు మడిచి తెరలోకి దూరతారు. భుజాల దగ్గర ఇరుక్కుంటే వెనకనుంచి నేనే తోస్తాను.

ఆయన భయపడ్డది నిజమే. కొండ నిండా వైరస్‌లున్నాయి. నల్లగా, సన్నగా, మొహాల్లేకుండా. అందరూ వరసగా గొంతుక్కూర్చుని, చేతులు తడుపుకుంటూ, పాత చీర మీద వడియాలు పెడుతున్నారు. ఒకడు కాకుల్ని తోలుతున్నాడు.

"ఎడంగా పెట్టవయ్యా, అంటుకుపోతాయి" అంటున్నారు అత్తయ్య.

"వీళ్ళెవరమ్మా?" అంటారు మా ఆయన.

"ఏమోరా. దొంగతనానికొచ్చామన్నారు. ముందు చేతులు కడుక్కోండి అన్నాను."

"నిన్నేమీ చెయ్యలేదా?"

"వాళ్ళకి తీరికేది?"

"ఇంటికి రా అమ్మా. సిస్టమ్ మార్చేస్తున్నాం. ఈ కొండ ఇక ఉండదు."

అత్తయ్య తెరలోంచి నా వైపు చూస్తారు. "శశిరేఖా, వాడితో చెప్పు..."

"మీరే చెప్పండత్తయ్యా. పక్కనే ఉన్నారుగా."

ఆవిడ కొడుకు వైపు తిరుగుతారు. "ఆ ఇంట్లో నేను గోడలతో నడుస్తానురా ఫణీ. ఇక్కడ కాళ్ళతో నడుస్తాను."

మా ఆయన వైరస్‌ల మధ్య చోటు చూసుకుని కూర్చుని, గిన్నెలోంచి పిండి తీసుకుంటారు. ఆయన పెట్టిన మొదటి వడియం వంకరగా ఉంది. పక్కవాడు దాన్ని సరిచేస్తాడు.

అప్పుడు కొండ లేస్తుంది. పడుకున్న గేదెలాగా మొదట వెనక కాళ్ళ మీద, తర్వాత ముందుకాళ్ళ మీద నిలబడి, ఒళ్ళు దులుపుకుని, తెర అంచు దాటి మా హాల్లోకి దిగుతుంది. అత్తయ్య దాని పలుపుతాడు పట్టుకుని ముందు నడుస్తున్నారు. మా హాల్లోనే, ఏమీ పట్టుకోకుండా.

వెనక తెర ఖాళీగా, నీలంగా ఉంది.

"ఇప్పుడా అమ్మా?" అంటారు అప్‌గ్రేడ్ గారు, దారివ్వడానికి కాళ్ళు ముడుచుకుంటూ.

"ఇప్పుడే కానివ్వండి."

అత్తయ్య వెనకే కొండ బాల్కనీ దాటి గాలి మీద అడుగు వేస్తుంది. ఆ బరువుకి గాలి నులకమంచంలా కాస్త కుంగి, ఓర్చుకుంటుంది. ఎదురు ఫ్లాట్ వాళ్ళు ఆరేసిన దుప్పట్లు తీసి దారి చేస్తున్నారు. కొండ వీపు మీద పిండిచేతులతో కూర్చుని, మా ఆయన వీధంతా వినబడేలా వాళ్ళమ్మతో అంటున్నారు.

"నిన్ను నువ్వు కాచుకోవడం చేతకాదనుకున్నానమ్మా. పొరపాటు నాదే."