చౌడమ్మ జబ్బలో ఉక్కు పట్టీ

నేను ఒక ఉక్కు పట్టీని. జానెడు కన్నా కాస్త పొట్టి, ఒంటి నిండా ఎనిమిది బెజ్జాలు. నాకు అసూయ ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. నాతోపాటు పుట్టిన ఉక్కుముక్క ఒకటి చేతి గడియారానికి గొలుసై పెళ్ళిళ్ళకు తిరుగుతోందట. నన్ను మాత్రం కోసి, వంచి, అద్దంలా నునుపు చేసి, ఆవిరిలో ఉడికించి, మనిషి కండ కింద దాచిపెట్టారు. ఆ నునుపంతా ఎవరు చూడాలని చేశారో వాళ్ళకే తెలియాలి.

ఆ మనిషి పేరు చౌడమ్మ. మదనపల్లెలో పట్టుచీరలు నేస్తుంది. మగ్గం మీద నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడును కుడిచేత్తో లాగాలి. మొగుడి మోపెడ్ మీంచి పడి ఆ కుడి జబ్బ ఎముకే రెండు ముక్కలైంది. డాక్టరమ్మ కండ విప్పి, ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి, పైన నన్ను పరిచి మరలు బిగించింది. పక్కనే పోయే నరాన్ని మాత్రం పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పట్టుకుని, పని అయ్యాక నా మీదే పడుకోబెట్టింది. పడినప్పుడు నలిగిందట పాపం, అందరి జాలీ దానికే. బరువు మోసేది నేను.

ఎముక కుదురుకుంటోంది గానీ మణికట్టు లేవలేదు. చెయ్యి చాస్తే అరచెయ్యి వాడిన తమలపాకులా వేలాడేది. "నరం మేలుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, కంగారు పడొద్దు," అంది డాక్టరమ్మ. చౌడమ్మది కంగారు కాదు, భయం. సగం నేసిన చీర మగ్గం మీద అలాగే ఉండిపోయింది. దుమ్ము పడకుండా దాని మీద పాత దుప్పటి కప్పి, రోజూ వెళ్ళి ఆ దుప్పటి ఎత్తి చూసుకుని, ఇక నేయలేనేమోనని ఏడ్చేది. లోపల ఎముకను పట్టుకుని ఉండడం తప్ప నేనేం చేయగలను?

మూడు నెలలకు అత్త అక్కులమ్మ ఓపిక నశించింది. "ఇనుము యాడన్నా ఎముకను అతికిస్తాదా అమ్మే? కొండప్పన్నతో కట్టు కట్టిద్దాం పా," అని కోడలిని బస్సెక్కించింది. ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి నాటుకట్టు కట్టడంలో కొండప్పకు మూడు మండలాల్లో పేరు. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. వెదురుబద్దకున్న మర్యాద నాకు లేకపోయె. పైగా అతను బిగించి కట్టేస్తే నా మీదున్న నరం ఇంకా నలుగుతుందేమోనన్న దిగులొకటి.

కొండప్ప ముసలాయన. కళ్ళు మూసుకుని చౌడమ్మ జబ్బను వేళ్ళతో తడిమాడు. నా దగ్గరికొచ్చి ఆగి, ఒక కొస నుంచి రెండో కొస దాకా నొక్కి చూశాడు.

"లోపలే కట్టు కట్టేసినారు కదమ్మా. ఎవురో నికరంగా నిలబెట్టినారు. దీనిమీద నేను కడితే చెడిపోతాది."

"అట్లంటే ఎట్లన్నా? నీ చెయ్యి పడితే చాలని వస్తిమి," అంది అక్కులమ్మ.

"పడింది కదా. పోయి డాక్టరు చెప్పినట్టు ఇనండి."

నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి నా పగవాడే అయ్యాడు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

కొండప్ప దగ్గరికి వెళ్ళొచ్చిన పన్నెండో రోజున చౌడమ్మ మణికట్టు వేలెడు పైకి లేచింది. డాక్టరమ్మ చెప్పినట్టే నరం తన గడువుకు తాను మేలుకుంది. అక్కులమ్మ మాత్రం, "కొండప్పన్న చెయ్యి తగిలిందో లేదో, ఎట్ల లేచిందో చూడండి," అని వీధంతా చాటింది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ చీర పూర్తయింది. తర్వాత ఇంకో నాలుగు నేసింది. చలికాలం పొద్దున జబ్బ సలిపితే మాత్రం అందరూ "ఈ ప్లేటు వల్లే" అంటారు. మేలు కొండప్ప ఖాతాలో, నొప్పి నా ఖాతాలో.

మొన్న డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఎముక గట్టిపడింది. అంత బాధగా ఉంటే ప్లేటు తీసేస్తాను. కాకపోతే నరం దాని మీదే ఉంది, తీసేటప్పుడు దానికి కొంచెం ప్రమాదం," అంది. తీసేస్తే నా గతి చెత్తబుట్టే. చౌడమ్మ ఎడమచేత్తో జబ్బను పట్టుకుని తలుపు వైపు చూసింది. అత్త బయట బల్లమీద కూర్చుని ఉంది.

"వద్దు మేడం, ఉండనీండి. అది లోపల ఉండాదనే ధైర్యంతోనే తాడు లాగతా ఉండాను," అని గొంతు తగ్గించింది. "ఈ మాట మా అత్తకు మాత్రం చెప్పబాకండి. కొండప్పన్న చెయ్యంటే ఆమెకు శానా గురి."

ఆ ఇంటి నుంచి నాకు దక్కిన మంచి మాట అదొక్కటే. దాన్నీ కండ కిందే దాచుకోవాల్సి వచ్చింది.