అయ్యగారి కడుపులో నావాళ్ళు

ఆ మాట అనకుండా ఉండాల్సిందని మా ఆయన సుబ్బారావు ఇప్పటికీ సణుగుతాడు. ఎందుకనకూడదండీ? కడుపు మండితే నోరు ఊరుకుంటుందా?

మేమిద్దరం నూజివీడులో పాండురంగారావుగారి మామిడికాయల కొట్లో పనిచేస్తాం. రెడ్డిగూడెం తోటల్నించి కాయ దిగితే ఏరి, వరిగడ్డి పరిచి ట్రేల్లో సర్దడం నా పని. పొద్దున వాళ్ళావిడ పద్మగారు కాఫీ ఇస్తారు. వాళ్ళకి స్టీలు గ్లాసులు, మాకు పేపర్ కప్పులు. వెనకటికి మా గ్లాసులు వేరేగా గోడ మీదుండేవి, తాగి మేమే కడిగి బోర్లించేవాళ్ళం. ఇప్పుడు తాగి పారేసే కప్పొచ్చింది, అంతే తేడా.

పోయిన వేసవిలో అయ్యగారు పంటినొప్పికి యాంటీబయాటిక్కులు వాడారు. ఒకటి పనిచెయ్యలేదని ఇంకోటి. దాంతో విరేచనాలు పట్టుకున్నాయి. మందేస్తే తగ్గడం, ఆపగానే మళ్ళీ మొదలు. నిలువెత్తు మనిషి చిక్కి పుల్లయిపోయాడు. నోటి దురుసే గానీ, మా అమ్మాయి అనూషకి జ్వరమొస్తే తన కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. ఆయన్నలా చూస్తే నాకు ఏడుపొచ్చేది. బతుకుతాడన్న ఆశ ఎవరికీ లేదు.

విజయవాడలో డాక్టరమ్మ మలం పరీక్ష చేయించింది. భూతద్దం పెట్టి చూసేది కాదంట. పేగుల్లో ఉండే బాక్టీరియాకి ఏ జాతికా జాతికి డీఎన్ఏలో ఒక గుర్తు ఉంటుందంట. మిషను ఆ గుర్తుని రెట్టింపు మీద రెట్టింపు చేసి, ఏ జాతి ఉంది, ఎంతుంది తేలుస్తుందంట. తొడిమ దగ్గర వాసన చూసి నేను బంగినపల్లో రసమో చెప్పనూ, అలాగ.

"మంచివి చచ్చాయి, ఒక చెడ్డది రాజ్యమేలుతోంది," అందావిడ. "ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలోంచి మంచివాటిని తెచ్చి ఈయన పేగుల్లో పెట్టాలి."

కొడుకు హర్ష తనది ఇచ్చాడు. తుమ్మితే మందు మింగే బాబు, పనికిరాలేదు. చుట్టాలవీ అంతే. మందుల జోలికెళ్ళని మనిషే దొరకలేదా అని డాక్టరమ్మ అడిగితే, అయ్యగారే నా పేరు చెప్పారంట.

పద్మగారు మొదటిసారి మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. "కృష్ణవేణీ, కాదనకే. ఆయన్ని దక్కించు." అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. ఆ గాడిద నేనేనని నవ్వొచ్చింది గానీ, ఆవిడ కళ్ళు చూసి సరేనన్నాను.

నాకూ అన్ని పరీక్షలూ చేశారు. "అబ్బో, ఎన్ని జాతులో! జబ్బు చేసేదొక్కటీ లేదు," అని డాక్టరమ్మ సంబరపడింది.

పద్మగారు నా ముందే అడిగారు: "ముందు దీనికేదైనా మందేసి, కడుపు శుభ్రం చేశాక తీసుకోకూడదా అండీ?"

"అలా శుభ్రం చేసే కదమ్మా ఆయన్ని ఇక్కడిదాకా తెచ్చుకున్నారు!"

నావి ఆయనకి పెట్టారు. విరేచనాలు కట్టాయి, అన్నం సయించింది. కొన్నాళ్ళాగి మళ్ళీ లెక్కపెట్టి, డాక్టరమ్మ కాయితం మీద రంగురంగుల పట్టీలు చూపించింది, ఒక్కో రంగు ఒక్కో జాతంట. జబ్బులో ఆయన పట్టీ అంతా దాదాపు ఒకటే రంగు. ఇప్పటిది, పక్కన పెడితే, నా పట్టీకి తోబుట్టువులా ఉంది. "నీవాళ్ళు ఆయన కడుపులో కుదురుకున్నారమ్మా," అంది.

మళ్ళీ కాయ దిగే రోజులకి అయ్యగారు కొట్టుకొచ్చి కుర్చీలో కూర్చున్నారు. పద్మగారు కాఫీ తెచ్చారు. ఆయనకి స్టీలు గ్లాసు. నాకు పేపర్ కప్పు.

ఒళ్ళు మండిపోయింది.

"అమ్మగారూ, అయ్యగారిక్కూడా ఇందులోనే పొయ్యండి. ఆ కాఫీ తాగేది నావాళ్ళే కదండీ."

సుబ్బారావు తల పట్టుకున్నాడు. అయ్యగారు నన్ను చూశారు, ఆవిణ్ణి చూశారు. తన గ్లాసు నా ముందు పెట్టి, నా చేతిలో కప్పు తీసుకున్నారు.

పద్మగారు విసురుగా లోపలికెళ్ళారు. నా పనైపోయిందనుకున్నా. పంచదార డబ్బాతో వచ్చారు. "ఆయనది చప్పటి కాఫీ, నువ్వు తాగలేవు," అని గ్లాసులో చెంచాడు వేశారు.

తాగి, పాత అలవాటుకొద్దీ కడగడానికి కుళాయి దగ్గరికి నడిచాను. ఆవిడ అడ్డమొచ్చి, గ్లాసిమ్మని చెయ్యి చాపారు.

ఎంగిలి గ్లాసండీ. ఇవ్వడానికి నాకే చెయ్యి రాలేదు.