కెప్టెన్ ఇంట్లో వాషింగ్ మెషిన్

పదకొండు మంది మగవాళ్ళ చెమట ఒకే టబ్బులో నానితే ఎలాంటి వాసన వస్తుందో హమీదాకు తెలిసినంతగా మస్కట్‌లోని రూవి పేట మొత్తంలో ఇంకెవరికీ తెలియదు. ప్రతి శుక్రవారం ఆ వాసన ఒక సంచీలో కూర్చుని, ఆమె మొగుడు తౌసీఫ్ భుజమెక్కి, మూడో అంతస్తులోని వాళ్ళ ఫ్లాటుకు వస్తుంది. తౌసీఫ్ దాన్ని వాషింగ్ మెషిన్ పక్కన దించి, "ఈ పొద్దు గ్రౌండంతా దుమ్మే. కాలర్లు కొంచెం గట్టిగా రుద్దు" అని చెప్పి స్నానానికి పోతాడు. కాలర్ల విషయంలో వాషింగ్ మెషిన్‌ను నమ్ముకుంటే లాభం లేదని, చేత్తోనే రుద్దాలని ఆయన అభిప్రాయం. ఆ చెయ్యి ఎవరిదన్న విషయంలో మాత్రం ఆయనకు ఏ అభిప్రాయమూ లేదు.

జెర్సీలు నీలం, నలుపు చారలవి. కడప వాళ్ళూ జగిత్యాల వాళ్ళూ కలిసి పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు అది. వారమంతా స్టోర్లలో, సైట్లలో డ్యూటీలు చేసి, శుక్రవారం పొద్దున్నే వాదీ కబీర్ దగ్గర ఖాళీ స్థలంలో బంతి వెంట పరిగెత్తుతారు. ఆ తర్వాత స్నానాలు, జుమ్మా నమాజు, ఆపైన అందరికీ కెప్టెన్ ఇంట్లో భోజనం. భోజనం కెప్టెన్ ఇంట్లోనే, జెర్సీల ఉతుకూ కెప్టెన్ ఇంట్లోనే అన్నది ఆ జట్టులో ఎవరూ కాదనని ఆచారం. కెప్టెన్ తౌసీఫ్. కెప్టెన్ గుర్తుగా చేతికి ఆయన కట్టుకునే పసుపుపచ్చ పట్టీ హమీదా తన పాత పైజామా ఎలాస్టిక్ ఊడదీసి కుట్టిపెట్టింది. ఆ సంగతి జట్టుకు తెలియదు. హమీదాకు తెలుసు కాబట్టి, ఆయన ఆ పట్టీ పైకి లాక్కుని గంభీరంగా ఫోటో దిగినప్పుడల్లా ఆమె మొహం పక్కకు తిప్పుకుంటుంది.

ఆ జెర్సీ రంగులు ఎవరివంటే పెద్ద కెప్టెన్‌వి. పెద్ద కెప్టెన్ అంటే అర్జెంటీనా ఆటగాడు, తౌసీఫ్‌కు ప్రాణం. ఆయన పేరును తౌసీఫ్ ఒక్కో వారం ఒక్కో రకంగా పలుకుతాడు, అందుకని హమీదాయే సులువుగా ఉంటుందని పెద్ద కెప్టెన్ అని పెట్టుకుంది. ఆమె కాలర్లు రుద్దుతుంటే తౌసీఫ్ స్టూలు వేసుకుని కూర్చుని ఆయన చరిత్ర చెబుతాడు. "ఇరవై రెండేండ్లకు దేశం దాటి ఇటలీ పోయినాడు హమీదా. పోయిన క్లబ్బులోనే పంతొమ్మిది సీజన్లు ఆడినాడు. పక్క క్లబ్బు దిక్కు తల తిప్పి చూడ్లేదు. కుడిపక్క నిలబడమంటే కుడిపక్క, ఎడమపక్కంటే ఎడమపక్క, మధ్యలో అంటే మధ్యలో. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎంత పరిగెత్తినా దువ్విన జుట్టు చెదిరేది కాదు."

హమీదా కూడా ఇరవై రెండేళ్ళకే దేశం దాటి వచ్చింది. వచ్చింది మొదలు ఒకే క్లబ్బు. పొయ్యి దగ్గర నిలబడమంటే పొయ్యి దగ్గర, టబ్బు దగ్గరంటే టబ్బు దగ్గర, ఊరి నుంచి అత్తమ్మ ఫోన్ చేస్తే ఫోన్ దగ్గర. "మగోడికి వారానికి ఒక్క ఆట. దానికి గూడా మూతి ముడుచుకుంటే ఎట్లమ్మా" అని అత్తమ్మ అంటే, ముడుచుకున్న మూతిని ఫోన్‌లో కనిపించదు కదా అని అలాగే ఉంచుకుని "లేదత్తమ్మా" అనడం కూడా ఆ డ్యూటీలో భాగమే. జుట్టు ఒక్కటే పెద్ద కెప్టెన్‌కూ ఆమెకూ తేడా. ఆమెది పొద్దున చెదిరితే మళ్ళీ దువ్వుకునేసరికి పొద్దు వాలుతుంది.

ఒకసారి తౌసీఫ్ కళ్ళు పెద్దవి చేసి, "పెండ్లి రోజు గూడా ప్రాక్టీసుకు పోయినాడంట, తెలుసునా?" అన్నాడు.

"అంతసేపు పెండ్లికూతురు ఏం చేసిందంట?" అని అడిగింది హమీదా.

తౌసీఫ్ చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు పాపం. "వీడియోలో అది చెప్పలేదే" అన్నాడు.

ఆ ప్రశ్న హమీదాను వదల్లేదు. ఉతికేటప్పుడూ, ఆరేసేటప్పుడూ, దాల్చాలోకి సొరకాయ కోసేటప్పుడూ ఆ పెండ్లికూతురు జ్ఞాపకం వచ్చేది. కొత్త బట్టలు కట్టుకుని, చుట్టాలందరూ చూస్తుండగా, ప్రాక్టీసు ఎప్పుడు అయిపోతుందా అని కూర్చున్న ఆ పిల్ల ఎవరో ఏమో గానీ, హమీదాకు దగ్గరి బంధువైపోయింది.

కింది అంతస్తు బిల్కీస్‌కు డ్రైవింగ్ నేర్పిన హుస్నా అనే ఆవిడ, హమీదాకు కూడా నేర్పుతానని ఒప్పుకుంది. మస్కట్‌లో లైసెన్సంటే మాటలు కాదు. రోడ్డు మీద నడిపే పరీక్షకు ముందు డ్రమ్ముల పరీక్ష ఉంటుంది. నిలబెట్టిన ఇనుప డ్రమ్ముల మధ్యలోకి కారును వెనక్కు నడిపి ఆపాలి, ఒక్క డ్రమ్ముకు తగిలినా ఇంటికి పంపేస్తారు. మీసాలున్న మగవాళ్ళే అక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని బిల్కీస్ చెప్పినప్పటి నుంచి హమీదాకు ఆ డ్రమ్ముల మీద మోజు పుట్టింది. అయితే హుస్నాకు ఖాళీ ఉన్నది శుక్రవారం పొద్దున ఒక్కటే. ఈ శనివారం లోపల అవునో కాదో చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంది.

"నీకు లైసెన్సెందుకు? నేను తిప్పడంలేదా?" అన్నాడు తౌసీఫ్.

"యాడికి తిప్పినారు?"

"మొన్ననే గదా సరుకుల కొట్టుకు తీసకపోయింది. అయినా శుక్రవారం పొద్దున నువ్వు లేకపోతే అన్నం ఎవరు చేస్తారు?" అని, అసలే తనకు మనసు బాగాలేదని, ఈ శుక్రవారం భోజనాలయ్యాక జట్టు కొత్త కెప్టెన్ మాట ఎత్తబోతోందని బయటపెట్టాడు. ఎహసాన్ అనే కుర్రాడి పేరు వినిపిస్తోందట. "వానికి బంతి ఏదో, పుచ్చకాయ ఏదో తెలీదు. కుళ్ళు హమీదా, అంతా కుళ్ళు. పెద్ద కెప్టెన్ నలబై ఏండ్ల దాకా ఆడినాడు. నాకు నలబై మూడేగదా. ఈసారి కుష్కా అన్నంతో పాటు రెండు రకాలు కూర చెయ్యి. తీపికి షీర్ కుర్మా గూడా పెట్టు."

మొగుడి పదవి నిలబెట్టడానికి శుక్రవారం తెల్లవారకముందే లేచి ఉల్లిపాయలు తరిగింది హమీదా. ఏడ్చింది కూడా, ఉల్లిపాయల వల్ల కొంత, డ్రమ్ముల వల్ల కొంత.

మధ్యాహ్నం జట్టంతా హాల్లో భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చుంది. గోల్‌కీపర్ మల్లేశం, రుస్తాఖ్ సైట్ నుంచి వారం వారం బస్సెక్కి వచ్చే జగిత్యాల మనిషి, ఖాళీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"వదినె, ఇంకింత దాల్చ ఉన్నదా?"

హమీదా గరిటెతో పోస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "మల్లేశం, ఎహసాన్ అంత బాగా ఆడతాడా?"

"ఆడుడా? మొన్న మన గోల్‌లనే కొట్టిండు వదినె. కని ఫ్యామిలీ వీసా అచ్చింది గద."

"వీసాకూ కెప్టెన్‌కూ ఏం సంబంధం?"

"అదే సంబంధం. మా రూముల ఎనిమిది మందికి ఒకటే బాత్రూమ్. పదకొండు జెర్సీలు ఏడ ఉతుకుతం, ఏడ ఆరేస్తం? అందుకే భార్య ఈడున్నోన్నే కెప్టెన్ చేస్తం. అన్నను చేసింది గట్లనే గద. నీకు ఎర్క లేదా?"

గరిటె గాలిలో ఆగింది. "మీ అన్నకు ఎరుకనా?"

"అన్నకు ఎందుకు చెప్తం, పాపం. గంత ఇష్టంగ పట్టీ కట్టుకుంటడు. నువ్వు గూడ ఎన్నేండ్లని చేస్తవ్ వదినె? కొత్త వదినె అచ్చింది, నీకింత ఆసరైతదని మేమే అనుకున్నం" అని, మంచి పని చేసిన వాడి మొహం పెట్టుకుని మల్లేశం వెళ్ళిపోయాడు.

హమీదాకు ముందు నవ్వొచ్చింది. చీర కొంగు లేదు కాబట్టి దుపట్టా నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇన్నేళ్ళూ ఆయన కాలి బలం అనుకున్నది ఆమె చేతి బలం. జట్టు ఎన్నుకున్నది ఒక వాషింగ్ మెషిన్‌ను, దాని పక్కన నిలబడే మనిషిని. తర్వాత స్టూలు మీద కూర్చుని చరిత్ర చెప్పే మొహం గుర్తొచ్చి తౌసీఫ్ మీద జాలి కలిగింది. ఆ జాలి వెనకాలే కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. గెలిచినప్పుడు దిగిన ఏ ఫోటోలోనూ తను లేదు.

అప్పుడే ఎహసాన్ భార్య తయ్యబా ఎంగిలి ప్లేట్లు ఎత్తుకుని లోపలికి వచ్చింది. ప్రొద్దుటూరు పిల్ల. దిగి నెల కూడా కాలేదు, వేళ్ళ చివర పెళ్ళి మెహందీ ఇంకా ఎర్రగానే ఉంది. "అక్కా, ఇంతమందికి బియ్యం ఎంత పోస్తారు? నీ దగ్గర అంతా నేర్చుకోమని చెప్పినాడు ఆయన" అంది.

హమీదా ఆ వేళ్ళవైపు చూసింది. ఈ సంచీని ఆ చేతుల్లో పెడితే తన శుక్రవారం తనకు దొరుకుతుంది. ఎంత సులువు. ఎవరూ తప్పు పట్టరు, పైగా అందరూ సంతోషిస్తారు. పెద్ద కెప్టెన్ పెండ్లికూతురు మళ్ళీ కళ్ళ ముందు కూర్చుంది, ఈసారి ప్రొద్దుటూరు మొహంతో.

"ప్లేట్లు అక్కడ పెట్టు. నువ్వు నేర్చుకోవాల్సింది బియ్యం లెక్క కాదు. రా నాతో" అంది హమీదా.

హాల్లో తౌసీఫ్ నిలబడి ప్రసంగిస్తున్నాడు. "పంతొమ్మిది సీజన్లు. ఒకే క్లబ్బు. అదీ నమ్మకమంటే..."

హమీదా ఇస్త్రీ చేసిన జెర్సీల దొంతర తెచ్చి దస్తర్‌ఖాన్ పక్కన పెట్టింది. "ఆఖర్న ఏం చేసినాడో అది గూడా చెప్పండి."

తౌసీఫ్ తడబడ్డాడు. "ఆఖర్నా? ఆయనే చాలు అన్నాడు. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఆయన జెర్సీ నెంబరు ఇంకెవరికీ ఇయ్యలేదు."

"అయితే లేవండి అందరూ."

పెద్దమనిషి తరహా పిలుపు అది, ఎందుకో తెలియకుండానే అందరూ లేచారు. ఆమె జెర్సీలు ఒక్కొక్కటిగా ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టుకుంటూ పోయింది. "ఫయాజ్, నీది రంగు పోతాది, తెల్లవాటితో వెయ్యొద్దు. మల్లేశం, చంకల్లో ముందే సబ్బు పెట్టి నానబెట్టు. ఎహసాన్, నీది నువ్వే ఉతుక్కో, తయ్యబాకు ఇచ్చినావంటే నాకు తెలుస్తాది. నేను చాలించుకుంటాండాను. నా పని కూడా ఇంకెవరికీ ఇచ్చేది లేదు. ఇంక కెప్టెన్‌ను ఎంచుకోండి, బాగా ఆడేవాణ్ణి."

"బాగా ఆడేదంటే... నేనే గదా?" అన్నాడు తౌసీఫ్.

మల్లేశం తన జెర్సీ కుట్లను పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు. తౌసీఫ్ ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ వచ్చి, చివరికి హమీదా మొహం దగ్గర ఆగాడు. ఆయనకు అర్థమైంది. ఆయన తెలివితక్కువవాడు కాదు, ఇన్నాళ్ళూ తెలివితో అవసరం పడలేదు, అంతే. జేబులోంచి పసుపుపచ్చ పట్టీ తీసి, జట్టులో నిజంగా బాగా ఆడే ఫయాజ్ చేతికిచ్చాడు. చప్పట్లు ముందుగా కొట్టింది తయ్యబా.

శనివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే హమీదా హుస్నాకు ఫోన్ చేసింది.

తర్వాతి శుక్రవారం పొద్దున అద్దంలో రెండు డ్రమ్ములు కనిపిస్తున్నాయి. కుడిపక్కది మరీ దగ్గరగా ఉంది. హుస్నా "ఆహిస్తా, ఆహిస్తా" అని నెమ్మదిగా పొమ్మంటుండగా సీటు మీద ఫోన్ మోగింది. హమీదా బ్రేకు తొక్కి, స్పీకర్ పెట్టింది.

"హమీదా, నా బనియన్లన్నీ నీలం అయిపోయినాయి. కాలర్ మురికి పోలేదు. మ్యాచ్‌కు టైమయితాంది. టిఫిన్ గూడా లేదు. యాడుండావు?"

దువ్వుకున్న జుట్టు చెదరలేదు కదా అని అద్దంలో ఒకసారి చూసుకుంది హమీదా.

"ప్రాక్టీసులో" అని చెప్పి, ఫోన్ పెట్టేసి, కారును వెనక్కు నడిపింది.