పెట్టె అడుగు చీర

పరంజ్యోతమ్మకు చావంటే భయం లేదు. భయమల్లా చచ్చిపోయాక మొగుడు తనను గుర్తుపట్టడేమోనని. నవ్వకండి. ఆళ్లగడ్డ చర్చి వెనక వీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, ఆమె ఎదుట నవ్వే ధైర్యం ఉన్నవాళ్లూ లేరు.

ఆ భయానికి కారణం ఉంది. ఆమె మొగుడు రాజరత్నానికి చూపు ఆనేది కాదు. సోడాబుడ్డి కళ్లజోడు పెట్టుకొని కూడా ఒకసారి నంద్యాల బస్టాండులో ఎవరో నీలం చీర కట్టిన ఆమె వెనకాలే సంచి మోసుకుంటూ పోయి ఆత్మకూరు బస్సు ఎక్కేశాడు. ఆ రోజు పరంజ్యోతమ్మ కట్టుకున్నదీ నీలం చీరే, అంతకన్నా పోలికేమీ లేదు. కండక్టరు వస్తే "ఇద్దరికి" అని దర్జాగా పక్కకు తిరిగాడట. ఆ పక్కనున్న ఆమె పెట్టిన కేకకు బస్సు ఆపి దింపేశారు. ఇక్కడ ఆళ్లగడ్డ బస్సు దగ్గర నిలబడ్డ ఈమె సంగతి ఏం చెప్పాలి. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి తొమ్మిదేండ్ల కిందట, ఆసుపత్రి మంచం మీద ఆఖరి రోజుల్లో, ఆమె చెయ్యి పట్టుకొని అన్నాడు.

"ఆడ పైన మంది శానా ఉంటారంట జ్యోతీ. నిన్ను యాడని ఎతికేది? మన పెండ్లి చీర కట్టుకొని రా. అదైతే గుర్తుపడతా."

"అట్లే వస్తాలే" అంది ఆమె. సమాధి చేసే రోజు ఆయన కళ్లజోడు శుభ్రంగా తుడిచి చొక్కా జేబులో పెట్టి పంపింది.

డెబ్భై ఐదులో పెండ్లికి ఆయన నంద్యాలలో కొన్న చీర అది. పట్టు కాదు. పత్తి జిన్నింగు మిల్లులో కాటా వేసే మనిషి పట్టెక్కడ కొంటాడు? తెల్లటి సన్ననూలు, వేలెడంత వెండిజరీ అంచు. ఆమె దాన్ని మళ్లీ ఒంటికి తగలనివ్వలేదు. పాత దుప్పటిలో చుట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకుపెట్టె అడుగున దాచింది. ఏడాదికోసారి తీసి, నీడన ఆరేసి, మడత మార్చి పెట్టేది. "నేను పోయినాక బజారుకు ఉరకొద్దు. ఇది కట్టి పంపు" అని కోడలు దెబోరాకు వంద సార్లు చెప్పింది. దెబోరా వినీ వినీ విసిగిపోయింది. చివరికి ఇంట్లో దానికి సావు చీర అని పేరే పడింది.

ఒక్క చిక్కు వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఎజ్రా ఒక ఆదివారం, పరలోకంలో అందరూ తెల్లబట్టల్లోనే ఉంటారని ప్రసంగించాడు. పరంజ్యోతమ్మ పెండ్లి చీరా తెల్లదే, మందిలో కలిసిపోతుంది. ఆరాధన ముగిసీ ముగియగానే గుమ్మం దగ్గర ఆయన్ని నిలేసింది.

"అందురూ తెల్లగుడ్డలేనా అయ్యగారూ? అంచూ గించూ ఏమీ ఉండదా?"

పాపం, ఆయన చదివిన బైబిలు కాలేజీలో ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "ప్రభువు చూసుకుంటాడులేమ్మా" అని తప్పించుకున్నాడు. జరీ అంచైనా ఉంది కదా, అదే దిక్కు అనుకొని ఆమె మనసు కుదుటపరచుకుంది.

ఉపవాసాలుండే నలభై శ్రమల దినాల్లో పెండ్లిండ్లు చెయ్యరు. ఈస్టరు దాటగానే కట్ట తెగినట్టు వచ్చిపడతాయి. ఈ ఏడాది మొదటి పెండ్లి సుమలతది. రుద్రవరం అవతల కొండ అంచున ఉన్న చెంచుగూడెం పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ బాలమ్మ అడవిలో తేనె తీసేవాళ్ల దగ్గర తేనె తెచ్చి అమ్మి, ఈ పిల్లను సాకి, ఆళ్లగడ్డలో చర్చివాళ్ల హాస్టల్లో వేసింది. ఆ హాస్టల్లో పరంజ్యోతమ్మ ఇరవై ఏండ్లు వంట చేసింది. పెండ్లికొడుకు మహేశ్ ఆత్మకూరు వైపువాడు, అడవిశాఖలో వాచరు.

పరంజ్యోతమ్మ ఇల్లు చర్చి గోడకు ఆనుకొని ఉంటుంది. పెండ్లికూతుళ్ల ముస్తాబంతా ఆ ఇంట్లోనే. సుమలత తెల్లరవిక వేసుకొని, తలమీద వేసుకునే ముసుగు ఒళ్లో పెట్టుకొని, కూర్చోవడానికి వేరే చోటు లేక ట్రంకుపెట్టె మీద కూర్చుంది. పదకొండుకు పెండ్లి. తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. పెండ్లికూతురి బాడుగ చీర తేవడానికి నంద్యాల పోయిన మహేశ్ అన్న చేశాడు. దుకాణం వాళ్లు ఒకే చీరను రెండు పెండ్లిండ్లకు ఒప్పుకొని, ముందొచ్చిన వాళ్లకు ఇచ్చి పంపేశారట. ఇంకో తెల్లచీర ఎక్కడా దొరకలేదట.

ఎజ్రా అయ్యగారు వాకిట్లోకి వచ్చి, ప్రభువుకు రంగుతో పని లేదు, ఏ చీరైనా పర్వాలేదన్నాడు. దెబోరా తన గులాబి రంగు చీర తెచ్చింది. సుమలత దాన్ని చూసి తలూపింది.

"ఇదే బాగుండాది లేక్కా" అంది. ఏడవలేదు, అలగలేదు. ఒళ్లో ఉన్న ముసుగును మాత్రం మెల్లగా మడతపెట్టి పక్కన పెట్టేసింది.

ఆ మడత చూసి పరంజ్యోతమ్మ తట్టుకోలేకపోయింది. ఆరేండ్ల పిల్లగా ఇదే సుమలత చర్చిలో పెండ్లి జరిగినప్పుడల్లా హాస్టల్ గోడెక్కి కూర్చునేది. తర్వాత వంటింట్లోకి వచ్చి, గంజి వార్చే గుడ్డ తలమీద వేసుకొని, పొయ్యిల మధ్య అడుగులో అడుగేసి నడిచేది. "ఆ గుడ్డ తియ్యే, మసి అంటుతాది" అని ఎన్నిసార్లు అరిచిందో లెక్కలేదు.

ఆమె వంటింట్లోకి పోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి ముందే నిలబడింది. దేవుడితో తగాదా ఏదైనా ఆమె అక్కడే పెట్టుకుంటుంది.

"రెండుండేటోళ్లు ఒకటి ఇయ్యమన్నావు. నాకుండేది ఒకటే. నన్ను అడగొద్దు" అంది.

అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అదే ఆమెకు ఒళ్లు మండేది. ఎవరైనా ఎదురు చెబితే వాదించవచ్చు, ఊరుకుంటే ఏం చెయ్యాలి? అంతలో మొన్నటి శుభశుక్రవారం ప్రసంగం గుర్తొచ్చింది. ఏసు ఒంటిమీది బట్టలు సిపాయిలు పంచుకున్నారు. సిలువ మీద నుంచి దించాక చుట్టడానికి గుడ్డ లేకపోతే ఎవరో పుణ్యాత్ముడు తెచ్చి చుట్టాడు. పడుకోబెట్టిన సమాధి కూడా ఆ మనిషిదే. అరవై శుభశుక్రవారాలు విన్న సంగతే. విన్నప్పుడల్లా ఏడ్చింది కూడా. కానీ అది తనతో చెప్పిన మాట అని ఏనాడూ అనుకోలేదు.

"నువ్వే ఒకరిచ్చిన గుడ్డతో పోయినావు" అంది, గొంతు తగ్గించి. "నాకేంది ఇంత పట్టు."

గదిలోకి వచ్చి సుమలత ముందు నిలబడింది.

"లేయ్, పెట్టె మీదినుంచి."

పైనున్న బట్టలన్నీ తీసి పక్కన పడేసి, అడుగునున్న దుప్పటి మూట పైకి లాగింది. దెబోరా గుండె మీద చెయ్యేసుకుంది.

"అత్తా, అది నీ సావు చీర గదా!"

ఆ మాటతో గదిలో ఉన్న ఆడవాళ్లంతా బిగుసుకుపోయారు. పెండ్లికూతురికి సావు చీరా? అందరి చూపూ బాలమ్మ మీదికి పోయింది. మూలన కూర్చున్న బాలమ్మ లేచి వచ్చి చీర అంచు పట్టుకొని చూసింది. పరంజ్యోతమ్మ దాచలేదు.

"నేను పెండ్లినాడు కట్టుకున్న చీర బాలమ్మా. పోయేటప్పుడు కట్టుకుందామని పెట్టుకుంటి. నీకు ఇష్టం లేకుంటే వద్దు."

 బాలమ్మ ఒక్కటే అడిగింది.

"ఇది తెచ్చిన మొగోడు ఎట్లాంటోడక్కా?"

"నలభై ఏండ్లలో నామీద చెయ్యెత్తలేదు. కూర మాడిస్తే బాగుందని తిన్యాడు. చూపే ఆనదు."

"అట్లయితే మంచి చీరే" అని బాలమ్మ వంటింట్లోకి పోయింది. పిడికిలి మూసుకొని తిరిగొచ్చి, "మీరంతా బయటికి పోండమ్మా, నా మనవరాలికి నేనే కడతా" అని తలుపేసింది. పరంజ్యోతమ్మ తలుపు బయట నుంచే చెప్పింది.

"సుమలతా, తిరిగి తేవొద్దు. నీ బిడ్డకు దాచుకో."

చర్చిలో ఆమె ముందు వరసలో కూర్చుంది. శుక్లాలు కమ్మిన కళ్లకు పెండ్లికూతురి మొహం ఆనలేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే చీర మాత్రం గుర్తుపట్టింది. అందరూ పాట పాడుతుంటే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇచ్చినందుకు బాధ లేదు, కానీ పోగొట్టుకున్నది మాత్రం పోగొట్టుకున్నదే. ఇక ఆయన తనను గుర్తుపట్టడు. "ఇంగ నువ్వే ఆయన చెయ్యి పట్టుకొని నా దగ్గరికి తోలుకొని రావాల" అని ప్రభువుకు గట్టిగా చెప్పి, కొంగుతో ముక్కు తుడుచుకొని, మిగిలిన చరణం తానూ పాడింది.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున సుమలత, మహేశ్ సీసాడు తేనె పట్టుకొని వచ్చారు. తేనెతో పాటు సంచిలో చీర ఉంది, ఉతికి మడతపెట్టి.

"తేవొద్దంటి గదే" అని కసిరింది పరంజ్యోతమ్మ.

"అది మీ ఆయనకు గుర్తంట గదవ్వా. దెబోరక్క చెప్పింది. మా దగ్గర ఉండకూడదని మా అవ్వ ఒకటే పోరు."

సుమలత అక్కడితో ఆగి మొగుడి వైపు చూసింది. మహేశ్ నేల చూపులు చూశాడు. దెబోరా మడత విప్పింది, విప్పి నోరు తెరిచింది. నాలుగు మూలలా బొటనవేలంత పసుపు బొట్లు. పెండ్లినాడు బాలమ్మ పిడికిట్లో తెచ్చింది అదే. కొత్తబట్టకు పెట్టినట్టు నాలుగు చివర్లా పెట్టింది, చావు నీడ పోవాలని.

"నాలుగు సార్లు ఉతికినా పోలేదవ్వా" అంది సుమలత.  పెండ్లినాడు కూడా ఇంత మొహం వేలాడేసుకోలేదు.

"తెల్లచీర, పాడైపాయె" అంది దెబోరా. "అయ్యగారు చూస్తే ఏమంటారు?"

పరంజ్యోతమ్మ చీరను కళ్లకు దగ్గరగా పెట్టుకొని ఒక మూల చూసింది. రెండో మూల చూసింది. తర్వాత దాన్ని కోడలి చేతికిచ్చింది.

"దీన్ని పట్టుకొని వాకిట్లోకి పో. ఇంగా అవతలికి. ఆ గోడ కాడికి పో."

దెబోరా గొణుక్కుంటూ పోయి చర్చి గోడ దగ్గర చీర చాపి పట్టుకుంది. గడప దగ్గరున్న పరంజ్యోతమ్మకు కోడలి మొహం ఆనలేదు. జరీ అంచు అసలే ఆనలేదు. ఎండలో పసుపు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడింది, ఈ పొరల కళ్లకు కూడా. పరంజ్యోతమ్మ గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏందవ్వా?" అంది సుమలత కంగారుగా.

"ఆడ అందురూ తెల్లగుడ్డలేనంట పిల్లా. పసుపు మూలలుండేది నేనొక్కదాన్నే."

ఆ రోజు చీర మళ్లీ పెట్టెలోకి పోయింది, కానీ అడుగుకు కాదు. అన్నిటికన్నా పైన పెట్టమంది. ఎవరైనా అడిగితే చేతికి అందాలి కదా అంది. మే నెలలో అడగనే అడిగారు. గోస్పాడు నుంచి ఒక తల్లి, పెండ్లి కుదిరిన కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. చీర చేతిలోకి తీసుకొని మూలలు చూసి, ఈ మరకలకు ఏదో మందు దొరుకుతుంది, రుద్ది పోగొట్టి తెస్తామని మర్యాదగా చెప్పింది.

"కట్టుకోండి, ఉతకండి, తెచ్చినప్పుడు తేండి" అంది పరంజ్యోతమ్మ. "ఆ పసుపు జోలికి మాత్రం పోవద్దు. అది మా ఆయన కోసం."